అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు: రాజ్యాంగం రాసిన వకీలు, తండ్రి పేరు పెట్టుకున్న ఇల్లు

పెన్నా తీరం:
అందరికీ నమస్కారం. రాజ్యాంగ దినోత్సవం నాడు మన దగ్గర అంబేద్కర్ గారి మీద మంచి చర్చ నడిచింది. ఆ చర్చలో ఒకరు 1949 నవంబరు 25న ఆయన రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం పెట్టారు. రాజకీయాల్లో వ్యక్తి పూజ వద్దని చెప్పిన భాగం గురించే ఎక్కువమంది మాట్లాడారు. కానీ అదే ప్రసంగం మొదట్లో ఇంకో మాట ఉంది. రాజ్యాంగ ముసాయిదా తయారుచేసే డ్రాఫ్టింగ్ కమిటీకి తనను అధ్యక్షుణ్ణి చేస్తే ఆశ్చర్యపోయాననీ, ఆ కమిటీలో తనకంటే పెద్దవాళ్లూ, సమర్థులూ ఉన్నారనీ చెప్పి, ఉదాహరణగా అంబేద్కర్ గారు ఒక్క పేరే తీసుకున్నారు. అది మిత్రుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరు.

ఆయన మా జిల్లాలో పుట్టిన మనిషి. నెల్లూరు జిల్లా పుదూరులో 1883 మే 14న పుట్టారు. తండ్రి ఏకామ్ర శాస్త్రి గారిది పౌరోహిత్యం. కొడుకు 1899లో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చరిత్ర చదువుతూ, తీరిక దొరికినప్పుడల్లా లా క్లాసులకు వెళ్లి బి.ఎల్. పూర్తి చేశారు. 1929 నుంచి 1944 వరకు మద్రాసు అడ్వకేట్ జనరల్, అంటే కోర్టుల్లో ప్రభుత్వం తరఫు పెద్ద వకీలు. తర్వాత రాజ్యాంగ సభ. 1953 అక్టోబరు 3న కన్నుమూశారు. నెల్లూరు మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది ఆ అక్టోబరు 1నే.

లా పాండిత్యం సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. నన్ను కదిలించింది వేరే విషయం. మైలాపూర్‌లో లజ్ చర్చ్ రోడ్డు మీద ఉన్న ఇంటికి ఆయన కుటుంబం పెట్టుకున్న పేరు "ఏకామ్ర నివాస్". పల్లెటూరి పురోహితుడైన తండ్రి పేరు. సర్ బిరుదు వచ్చాక కూడా ఆ ఇంటి ముందు ఆ పేరే. ఆయన గురించి కొడుకుగా, తండ్రిగా మాట్లాడుకుంటే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్లు రాయండి.

సూటిప్రశ్న:
మంచి విషయం ఎత్తారు. అయినా ఒకటి అడగాలి. 1932లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. అది శాసనోల్లంఘన ఉద్యమం నడుస్తున్న కాలం. మనవాళ్లు వేలమంది జైళ్లలో ఉన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు అదే మద్రాసు హైకోర్టులో బారిస్టరుగా బోలెడు సంపాదించి, గాంధీ గారు పిలిస్తే ప్రాక్టీసే వదిలేశారు. అల్లాడి గారు బ్రిటిష్ ప్రభుత్వానికి అడ్వకేట్ జనరల్‌గా ఉండిపోయారు. గొప్ప మనిషి అంటున్నప్పుడు దీన్ని పక్కన పెట్టేయగలమా?

జూనియర్ వకీలు:
పక్కన పెట్టక్కర్లేదు సూటిప్రశ్న గారూ. ఆయన జైలుకు వెళ్లలేదు, బిరుదు వద్దనలేదు. ఇవి నిజాలే. ప్రకాశం గారి త్యాగం ముందు ఇంకెవరి జీవితాన్ని పెట్టినా చిన్నదిగానే కనిపిస్తుంది.

కానీ 1946లో రాజ్యాంగ సభకు మనుషుల్ని ఎంచుకునేటప్పుడు, జైళ్లకు వెళ్లొచ్చిన కాంగ్రెస్ నాయకులే ఇలాంటి న్యాయవాదులను వెతికి మరీ తెచ్చుకున్నారు. అంబేద్కర్ గారు కూడా కాంగ్రెస్‌ను జీవితమంతా విమర్శించిన మనిషే. దేశానికి చట్టం రాయాల్సి వచ్చినప్పుడు, చట్టం తెలిసినవాళ్లు ఎక్కడున్నా కావాలనుకున్నారు. ఆ పెద్దమనసు వాళ్లది. వచ్చినవాళ్లు ఏం చేశారన్నది మనం చూడాలి. 1947 ఆగస్టు 29న వేసిన డ్రాఫ్టింగ్ కమిటీలో ఏడుగురు. ఒకరు చనిపోయారు, ఒకరు మధ్యలో వెళ్లిపోయారు. అలా ఖాళీ అయిన ఒక చోటులోకి వచ్చిన ఎన్. మాధవరావు గారు మన మచిలీపట్నం వారు. కూర్చుని రోజువారీ పని చేసిన కొద్దిమందిలో అల్లాడి గారు ఒకరు. అప్పటికే అరవై దాటిన వయసు, ఆరోగ్యం అంతంతమాత్రం.

లాయరు గారమ్మాయి:
నేను కోర్టు మనిషిని కాదు, లాయరు గారింట్లో పెరిగిన దాన్ని. కాబట్టి పెన్నా తీరం గారు అడిగిన రెండో సంగతి, ఇంటి సంగతి, నాకు బాగా పట్టింది.

మా నాన్నగారు గోదావరి జిల్లాలో ఒక మున్సిఫ్ కోర్టు ఊళ్లో ప్లీడరు. ఈమధ్యే పోయారు. మా ఇంటి ముందు గదే ఆఫీసు. తెల్లారేసరికి అరుగు మీద పార్టీలు కూర్చుని ఉండేవాళ్లు. ఎక్కువగా పొలం గట్టు తగాదాలు, భాగపంపకాల దావాలు. అమ్మ వాళ్లకు కాఫీ పంపేది. గుమాస్తా గారు కాజ్ లిస్టు (ఆ రోజు కేసుల జాబితా) చదువుతుంటే నాన్న నాకు జడ వేసేవారు. అమ్మకు కీళ్ల నొప్పులు వచ్చాక ఆ పని ఆయనే తీసుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక బ్రీఫ్ తిరగేస్తూనే మా లెక్కల నోటుపుస్తకాలు చూసేవారు. ఊరు దాటి వెళ్లింది తక్కువ, సెలవు తీసుకున్నది ఇంకా తక్కువ. బయటివాళ్లు చూస్తే "ఈయనకు కేసులే లోకం" అనుకునేవారు. మాకు మాత్రం ఆయన ఎప్పుడూ అందుబాటులోనే ఉన్నారు. నా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "నీకు ఇష్టమేనా" అని మా ఇంట్లో నన్ను మొదట అడిగింది ఆయనే.

అందుకే అడుగుతున్నాను. అల్లాడి గారి పిల్లలు తండ్రి గురించి ఏమైనా రాశారా? పెద్ద పెద్ద లాయర్ల ఇళ్లలో పిల్లల మీద చాలా ఒత్తిడి ఉంటుందని విన్నాను. ఆఫీసు నిలబెట్టాలి, పేరు నిలబెట్టాలి అనే టెన్షన్.

ఫిజిక్స్ మాస్టారు:
అమ్మా, మీ నాన్నగారికి నమస్కారాలు. మీ ప్రశ్నకు జవాబు నా సబ్జెక్టులోకి వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

రాశారు. కొడుకుల్లో ఒకరు అల్లాడి కుప్పుస్వామి గారు. తండ్రి దారిలోనే లా చదివి, న్యాయమూర్తి అయి, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. తండ్రి జీవిత చరిత్ర ఆయనే రాశారు.

ఇంకో కొడుకు అల్లాడి రామకృష్ణన్ గారు, 1923 ఆగస్టు 9న పుట్టారు. నేను చెప్పాలనుకున్నది ఈయన గురించే. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి, ఇంటి సంప్రదాయం ప్రకారం లా కూడా చదివారు. ఇంట్లో దేశంలోనే పేరున్న ఆఫీసు ఉంది. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చోవడమే తరువాయి. కానీ ఆయన మనసు భౌతిక శాస్త్రవేత్త హోమీ భాభా చెప్పిన, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీదికి పోయింది. 1947లో బెంగళూరు వెళ్లి భాభా దగ్గర చేరారు. తర్వాత ఇంగ్లండులో మాంచెస్టర్‌లో పీహెచ్‌డీ. కాస్మిక్ కిరణం వాతావరణాన్ని తాకినప్పుడు ఒక కణం నుంచి అనేక కణాలు జల్లులా పుట్టుకొస్తాయి. ఆ సంఖ్యలో వచ్చే హెచ్చుతగ్గులను లెక్కగట్టే పద్ధతి మీద ఆయన చేసిన పని ఆ రంగంలో ఇప్పటికీ నిలిచి ఉంది.

తండ్రి దీనికి అడ్డుపడలేదు. ఈ ఒక్క వాక్యం వెనక ఎంత ఉందో ఆలోచించండి. 1940ల మద్రాసులో థియరెటికల్ ఫిజిక్స్ అంటే ఉద్యోగం ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు. రాజ్యాంగం రాయడంలో మునిగి ఉన్న తండ్రి, అదే సమయంలో, కొడుకు తన దారిలోంచి పక్కకు తప్పుకుంటుంటే పోనిచ్చారు. పోనివ్వడమంటే వదిలేయడం కాదు. ఆ ఇల్లు కొడుకు వెనకే నిలబడింది.

ఎలాగంటే, 1957-58లో రామకృష్ణన్ గారు ప్రిన్స్‌టన్ వెళ్లి అక్కడి అడ్వాన్స్‌డ్ స్టడీ సంస్థ వాతావరణం చూశారు. తిరిగొచ్చాక మద్రాసులో అలాంటిది లేదని కూర్చోకుండా, కుర్రవాళ్లను ఏకామ్ర నివాస్‌కే పిలిచి సెమినార్ మొదలుపెట్టారు. బ్లాక్‌బోర్డు, కుర్చీలు, అంతే. టి.కె. రాధ, జి. భామతి లాంటి ఆడపిల్లలు కూడా ఆ బృందంలో ఉన్నారు. 1960 జనవరిలో నీల్స్ బోర్ మద్రాసు వచ్చినప్పుడు ఆ ఇంటికి వెళ్లి ఆ పిల్లలతో కూర్చుని మాట్లాడారు. పరమాణు నిర్మాణానికి నోబెల్ తీసుకున్న బోర్ సాక్షాత్తూ! ఆయన మెచ్చుకున్న మాట పైదాకా వెళ్లింది. మద్రాసు రాష్ట్ర మంత్రి సి. సుబ్రమణ్యం గారు పూనుకుని నెహ్రూ గారితో కలిపించారు. 1962 జనవరి 3న గణిత విజ్ఞాన సంస్థ, అందరూ మ్యాట్‌సైన్స్ అనేది, మొదలైంది. ప్రారంభించింది ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. రామకృష్ణన్ గారు 1983 దాకా దానికి డైరెక్టరు.

ఒక పురోహితుడి పేరున్న ఇంట్లో, లాయరు కట్టిన కప్పు కింద, ఒక ఫిజిక్స్ సంస్థ పుట్టింది. మా క్లాసుల్లో ఈ కథ చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా వినేవారు.

మైలాపూర్ తెలుగు:
మాస్టారు గారు చెప్పాక నాకు చెప్పడానికి తక్కువే మిగిలింది. లజ్ చర్చ్ రోడ్డు మా నడకదారే. ఆ కాలంలో మైలాపూర్ అంటే వకీళ్ల పేట. మద్రాస్ లా జర్నల్ 1891లో పుట్టింది ఇక్కడి వకీళ్ల చేతుల్లోనే. చిన్న ఊళ్ల నుంచి చదువు ఒక్కటే ఆస్తిగా వచ్చి ఇక్కడ పెద్ద ఇళ్లు కట్టినవాళ్లు చాలామంది. అందులో నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లూ తక్కువ కాదు.

"ఆయన మనవాడా, తమిళుడా" అనే ప్రశ్న ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఆయన పుట్టినప్పుడు నెల్లూరు, మద్రాసు ఒకే రాష్ట్రం. ఆ ఊళ్లో పుట్టి, ఈ ఊళ్లో వాదించి, ఢిల్లీలో అందరి కోసం రాశారు. ఆయన కొడుకు హైదరాబాదులో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. దీన్ని పంచుకుందాం, పంపకాలు పెట్టుకోవద్దు.

సూటిప్రశ్న:
జూనియర్ వకీలు గారి సమాధానం నాకు నచ్చింది. ఇల్లు, పిల్లల సంగతీ బాగుంది. కానీ ఆయన పనిలోనే ఒక విషయం నన్ను వదలడం లేదు. ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21. మొదట సలహా సంఘం ఒప్పుకున్న వాక్యంలో అమెరికా రాజ్యాంగంలోలాగా "డ్యూ ప్రాసెస్" రక్షణ ఉంది, అంటే చట్టం న్యాయంగా ఉందా లేదా అని కూడా కోర్టు చూడొచ్చు. డ్రాఫ్టింగ్ కమిటీ దాన్ని తీసేసి, చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం అయితే చాలు అన్నట్టు మార్చింది. సభలో అల్లాడి గారు ఆ మార్పును సమర్థించారు. ఫలితం ఏమిటి? 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో విచారణ లేని నిర్బంధాన్ని సుప్రీంకోర్టు ఆపలేదు. ఎమర్జెన్సీలో ఏం జరిగిందో తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

జూనియర్ వకీలు:
ఇది నిజమైన ప్రశ్న. ఆయన వాదనలో నాకు కూడా ఒప్పుకోబుద్ధి కాని భాగం ఇదే. ప్రివెంటివ్ డిటెన్షన్ (విచారణ లేని ముందస్తు నిర్బంధం) విషయంలో ఆ నిర్ణయానికి మనం పెద్ద మూల్యం చెల్లించాం.

అయినా ఆయన భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అమెరికా కోర్టులు డ్యూ ప్రాసెస్ పేరుతో కార్మిక చట్టాలను కొట్టేశాయి. 1905లో న్యూయార్క్ రొట్టెల దుకాణాల్లో పనివాళ్లకు రోజుకు 10 గంటలు మించకూడదన్న చట్టాన్ని యజమాని స్వేచ్ఛ పేరుతో రద్దు చేశారు. ఇక్కడ జమీందారీ రద్దు, భూసంస్కరణలు ఎదురుగా ఉన్నాయి. ఎన్నికైన శాసనసభ పేదల కోసం చట్టం చేస్తే కొద్దిమంది జడ్జీలు తమ అభిప్రాయంతో కొట్టేయకూడదన్నది ఆయన ఆలోచన. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలి గానీ శాసనసభ మీద ఇంకో పెద్ద శాసనసభ కాకూడదని ఆయన అన్నారు. జీవితమంతా కోర్టుల్లో గెలిచిన మనిషి ఈ మాట అన్నారంటే, అందులో ఆయన సొంత లాభం ఏమీ లేదు.

1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని చెప్పింది. అంటే ఆయన మూసిన తలుపును కోర్టే వేరే వైపు నుంచి తెరిచింది. అది మంచికే జరిగిందని నా నమ్మకం.

ఇంకోటి కూడా ఈయన ఖాతాలో రాయాలి. 1951లో హిందూ కోడ్ బిల్లు విషయంలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు, మంత్రివర్గం సలహాను కాదని తన నిర్ణయం తీసుకోవచ్చా అన్న ప్రశ్న లేపారు. నెహ్రూ గారు అల్లాడి గారిని అడిగారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహాకు కట్టుబడాల్సిందే అని ఆయన చెప్పారు. సంప్రదాయ కుటుంబం నుంచి వచ్చిన పెద్దాయన. ఆ బిల్లు ఆడవాళ్లకు ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఇచ్చే బిల్లు. సలహా చెప్పేటప్పుడు మాత్రం రాజ్యాంగం ఏం చెబుతుందో అదే చెప్పారు.

ఫ్లోరిడా తెలుగు:
నేనుండేది ఫ్లోరిడాలో. మాస్టారు గారు ఆపిన చోటి నుంచి అందుకుంటాను.

రామకృష్ణన్ గారి అబ్బాయి 1955లో పుట్టారు, తాతగారు పోయిన రెండేళ్లకు. పేరు కృష్ణస్వామి. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనందరికీ తెలిసిన పద్ధతే. ఆయన గణితంలోకి వెళ్లారు, నంబర్ థియరీ, అంటే సంఖ్యల లక్షణాల శాస్త్రం. మద్రాసులో డిగ్రీ చదువుతూండగానే తన ఫలితాలు పేరుమోసిన హంగేరీ గణితవేత్త పాల్ ఎర్డోష్‌కు పంపితే, 1975లో ఎర్డోష్ తన ప్రయాణం మార్చుకుని, ఈ కుర్రవాణ్ణి కలవడానికి మద్రాసులో దిగారు. ఆ తర్వాత ఆయన యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో ప్రొఫెసర్ అయ్యారు. రామానుజన్ పేరు మీద వచ్చే గణిత పత్రిక మొదలుపెట్టింది ఆయనే. కుంభకోణంలో 2005 నుంచి యువ గణితవేత్తలకు ఇస్తున్న రామానుజన్ బహుమతి వెనకా ఆయన ఉన్నారు. రామకృష్ణన్ గారు చివరికి 2008లో ఇక్కడే, గెయిన్స్‌విల్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసుకున్న జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది కొడుకే.

గమనించండి, కుప్పుస్వామి గారు తండ్రి గురించి రాశారు, కృష్ణస్వామి గారు తండ్రి రాతలు అచ్చు వేశారు. తండ్రి దగ్గర భయం మాత్రమే ఉన్న ఇంట్లో పిల్లలు ఇలా చేయరు.

లాయరు గారమ్మాయి:
మీరందరూ రాసింది మా అన్నయ్యకు చదివి వినిపించాను. కారణం చెబుతాను.

అన్నయ్య లా చదవలేదు. నాన్నకు ఆ కోరిక ఉండేదని మా అందరికీ తెలుసు. ఆఫీసు గదిలో గోడంతా ఏఐఆర్, ఆంధ్రా లా టైమ్స్ తీర్పుల సంపుటాలు. ప్రతి ఏడూ బైండింగ్ చేయించేవారు, అన్నయ్య కూర్చుంటాడని. అన్నయ్య ఇంటర్ అయ్యాక వ్యవసాయ కాలేజీలో సీటు వచ్చిందని చెబితే నాన్న ఒక పూట మాట్లాడలేదు. మర్నాడు తనే ఫీజు కట్టడానికి బాపట్ల బయల్దేరారు. తర్వాత ఎన్నడూ ఎత్తిపొడవలేదు. నాన్న పోయాక ఆ పుస్తకాలు ఏం చేయాలా అని ఇద్దరం తెగ ఆలోచించాం. ఆయన దగ్గర చివరగా జూనియర్‌గా చేసిన అమ్మాయి ఇప్పుడు అదే ఊళ్లో ప్రాక్టీసు చేస్తోంది. మొత్తం ఆమెకే పంపించాం. బార్ అసోసియేషన్ వాళ్లు సంతాప సభ పెట్టినప్పుడు ఆ అమ్మాయి, తనకు మొదటి కేసు ఫీజు మొత్తం నాన్న తన చేతిలోనే పెట్టారని చెప్పింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

అన్నయ్య ఇదంతా విని, "నాన్న నన్ను బాపట్ల పంపడం ఆయనకు ఎంత కష్టమైందో అప్పుడు నాకు తెలియలేదు" అన్నాడు. చాలాసేపు నాన్న గురించే మాట్లాడుకున్నాం. అందరికీ ధన్యవాదాలు.

సూటిప్రశ్న:
అమ్మా, మీ నాన్నగారి లాంటి ప్లీడర్లే చిన్న ఊళ్లలో కోర్టుల మీద జనానికి నమ్మకం నిలిపారు. వారికి నా నమస్కారం.

అల్లాడి గారి విషయంలో ఒక మాట నా వైపు నుంచి. 1949 నవంబరు 23న ఆయన సభలో మాట్లాడిన భాగం ఇవాళ వెతికి చదివాను. దేశంలో అప్పటికి వందలో 18 మందికే చదువొచ్చు. అయినా సామాన్యుడి మీద నిండు నమ్మకంతో వయోజన ఓటుహక్కు ఇస్తున్నామని ఆయన అన్నారు. బ్రిటిష్ కాలంలో ఓటు ఆస్తి ఉన్నవాడిది, చదువు ఉన్నవాడిది. ఆ వ్యవస్థలోనే ఎదిగి సర్ అయిన మనిషి, ఆ గీతను చెరిపేయడాన్ని సభలో నిలబడి సమర్థించారు. ఆర్టికల్ 21 మీద నా అభిప్రాయం మారలేదు. ఈ మాట మాత్రం నాకు ఆయన మీద గౌరవం పెంచింది.

కొత్త సభ్యుడు:
లా మూడో సంవత్సరం చదువుతున్నాను, విశాఖపట్నం. ఈ చర్చంతా చదివాను. ఆయన ప్రసంగాలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? సభ చర్చలు చాలా సంపుటాలున్నాయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు.

పెన్నా తీరం:
రాజ్యాంగ సభ చర్చలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, తేదీల వారీగా. మొదట 1948 డిసెంబరు 6, 13 తేదీలు చదువు. ఆర్టికల్ 21 మీద (అప్పటి ముసాయిదాలో 15వ నంబరు) రెండు వైపుల వాదనలూ అక్కడున్నాయి. డ్యూ ప్రాసెస్ కావాలన్న కె.ఎం. మున్షీ గారు ఏమన్నారో, అల్లాడి గారు ఏమన్నారో పక్కపక్కన పెట్టుకో. 13న అంబేద్కర్ గారు ఇద్దరి వాదనా వివరించి, తేల్చడం సభకే వదిలేస్తారు. తర్వాత 1949 ఆగస్టులో పౌరసత్వం మీద జరిగిన చర్చ. దేశ విభజన వల్ల ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల గురించి అప్పుడు సభలో ఎంత వేడి ఉందో తెలుస్తుంది, అందులో ఆయన ఎలా మాట్లాడారో గమనించు. ఆఖరున 1949 నవంబరు 23, 25.

చదువుతూ నోట్స్ రాసుకుంటే ఇక్కడ పెట్టు బాబూ. జూనియర్ వకీలు గారు, సూటిప్రశ్న గారు ఇద్దరూ ఉన్నారు, నీకు మంచి వాదన దొరుకుతుంది. నెల్లూరు మిత్రులెవరైనా పుదూరు వెళ్లి ఉంటే, అక్కడ ఆయన గుర్తుగా ఏమైనా ఉందా అన్నది రాయండి.